పెద్దాయన మకాం

జాలుకొండ అభయారణ్యానికి కొత్త డైరెక్టరుగా వచ్చిన తాడినాడ భుజంగరావు గారు, చేరిన మూడో వారంలోనే, అడవిలో క్రమశిక్షణ లేదని కనిపెట్టారు. జంతువులు వేళకు రావు. వచ్చినా ముందుగా తెలియజెయ్యవు. వెళ్ళేటప్పుడు ఎక్కడా సంతకం పెట్టవు. అంతకు ముందున్న డైరెక్టర్లు దీన్ని ప్రకృతి అనుకొని ఊరుకున్నారు. భుజంగరావు గారు ఊరుకునే రకం కాదు. ఆయన తూనికలు కొలతల శాఖ నుంచి వచ్చినవారు. జంతువుల మీద చర్య తీసుకునే అధికారం తనకు లేదని రెండు రోజులు రూల్సు పుస్తకం తిరగేశాక తెలిసి కొంచెం నొచ్చుకున్నారు గానీ, వాటిని చూపించే గైడ్ల మీద ఆ అధికారం నిక్షేపంగా ఉందని తెలిసి తేరుకున్నారు. అలా పుట్టింది నమూనా-7.

నమూనా-7 అంటే ఒక పొడుగాటి పసుపు కాగితం. జీపులో సందర్శకులను తిప్పే గైడు, ట్రిప్పులో కనిపించిన ప్రతి ప్రాణినీ అందులో రాయాలి. చూసిన చోటే, అడవి లోపలే, సొంత దస్తూరీతో రాయాలి. బయటికొచ్చి రాసింది చెల్లదు. "నివేదికలోని భాష మర్యాదగా ఉండవలెను" అని అడుగున ఒక గమనిక. అన్నిటికన్నా పైన, ఎర్ర గీతల మధ్య, "పులి" అని ఒక ప్రత్యేకమైన గడి. ఏడాది మొత్తం మీద ఆ గడిలో ఒక్కసారైనా అంకె వేసి, పక్కన పులి అని అక్షరాల్లో రాయని గైడుకు మార్చి ముప్ఫై ఒకటి తర్వాత కాంట్రాక్టు పొడిగించరు.

ఈ చివరి మాటను ఉడతల అంకన్న రెండుసార్లు చదివాడు. పదకొండేళ్ళుగా ఆ కొండల్లో గైడు అతను. పులి కనపడదేమోనని కాదు అతని భయం. కొండముచ్చు దగ్గే తీరును బట్టి పులి ఏ గట్టున ఉందో, ఏ పక్కకు నడుస్తోందో చెప్పగలిగినవాడు. అతని చిక్కల్లా రాయడం దగ్గర. పొలిమేర రాయి దాటి అడవిలో అడుగుపెట్టాక ఆ పేరు నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు. వాళ్ళ గూడెంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. "పేరెత్తితే పిలిచినట్టేరా. పిలిస్తే వస్తాడు. వచ్చినాక పనేందని అడుగుతాడు. ఏం జెప్తావు?" అనేది వాళ్ళ అవ్వ. ఏం చెప్పాలో అంకన్నకు ఇప్పటికీ తెలియదు. అందుకని అడవిలో ఉన్నంతసేపూ గూడెం మొత్తం ఆయన్ను ఒకే మాటతో పిలుస్తుంది: పెద్దాయన.

వానాకాలం మూసి ఉంచిన అడవిని అక్టోబరులో సందర్శకులకు తెరిచిన వారానికే ఆయన కనిపించాడు. జీపు పొద్దున్నే గేటు దాటి, గద్దగుండు దగ్గర లోయ మీద మంచు చూపించి, పాలధార దగ్గర ఫొటోలకు ఆగి, ఇప్పవాగులోకి దిగబోతుండగా పైన కొండముచ్చు దగ్గింది. అంకన్న చెయ్యెత్తాడు. డ్రైవరు మస్తాను ఇంజను ఆపేశాడు. రెండు నిమిషాల్లో పొదల్లోంచి ఆయన తీరిగ్గా వచ్చి, వాగులో మూతిపెట్టి నీళ్ళు తాగి, జీపు వైపు ఒక చూపు చూసి, ఇసుకలో ఒరిగాడు. వెనక సీట్లో ఉన్న బ్యాంకు మేనేజరు గారు ఫొటో తియ్యడం కూడా మరిచిపోయారు.

అక్కడే జీపు బానెట్ మీద పసుపు కాగితం పరిచాడు అంకన్న. "పులి" గడిలో అడ్డగీత పెట్టాడు. కింద వివరాల్లో, మర్యాదగా ఉండాలన్నారు కాబట్టి మర్యాదగానే రాశాడు: "ఉదయం ఏడున్నరకు ఇప్పవాగు దగ్గర పెద్దాయన దర్శనమిచ్చారు. నీళ్ళు తాగారు. ఇసుకలో పడుకున్నారు. మా మీద కోపం లేదు. తర్వాత ఒక దుప్పిని తీసుకొని గుట్టెక్కి వెళ్ళిపోయారు. సందర్శకులు చాలా సంతోషించారు."

"గీత పెట్టినావేంది?" అన్నాడు మస్తాను తొంగి చూసి.

"కింద రాసినా కదా. చదివేవాళ్ళకు తెలీదా?"

కొండలో అయితే తెలిసేది. కానీ నమూనా-7 కొండలో ఉండదు. జిల్లా కేంద్రంలోని డైరెక్టరాఫీసుకు వెళ్తుంది. అక్కడ దాన్ని చదివేది సూపరింటెండెంటు వేదుల చిదంబరం గారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఆయన అడవిని గోడ క్యాలెండరు మీద తప్ప చూసినవారు కారు. క్యాలెండరు మీదైనా నెల మారినప్పుడే చూసేవారు.

నాలుగో రోజున అంకన్నకు మెమో వచ్చింది. "గౌరవనీయులైన పెద్దాయన గారు అభయారణ్యమును ఆకస్మికముగా సందర్శించిన సందర్భమున, (అ) వారికి తగు రీతిన స్వాగతము పలుకకపోవుటకు, (ఆ) వారిని వాగు నీరు త్రాగనిచ్చుటకు, (ఇ) నేలపై పరుండనిచ్చుటకు గల కారణములు స్వయముగా హాజరై తెలుపవలెను. దుప్పి విషయము ఈ కార్యాలయము పరిగణనలోనికి తీసుకొనుట లేదు."

అంకన్న ఉతికిన చొక్కా తొడుక్కొని బస్సెక్కి వెళ్ళాడు. పట్నం అడవి కాదు కాబట్టి అక్కడ పేరెత్తడానికి అడ్డేమీ లేదు. ఒక్క ముక్కలో చెప్పి వచ్చేద్దామనుకున్నాడు.

చిదంబరం గారు తలుపు దగ్గరికి వేయించి, కుర్చీ ముందుకు జరుపుకొని, గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ ఏ పెద్దాయనయ్యా?"

"పులి సారూ" అన్నాడు అంకన్న.

చిదంబరం గారి కళ్ళు మెరిశాయి. "ఆ ముక్క నాకు చెప్పాలా? పులే! పదవిలో ఉన్నా పులే, లేకున్నా పులే."

"అట్ట కాదు సారూ. నిజం పులి."

"అబద్ధం పులని నేనన్నానా? ఆ రోజుల్లో ఆయన ఒక్క చూపు చూస్తే ఎంతమంది ఫైళ్ళు పట్టుకొని పరిగెత్తేవాళ్ళో నీకేం తెలుసు!"

అంకన్న చేతులు జోడించాడు. "ఒంటినిండా చారలుంటాయి సారూ."

"చారల చొక్కా!" చిదంబరం గారు బల్ల మీద చరిచారు. "నేననుకున్నవారే. ఇంకెవరికీ చెప్పకు. పక్క సెక్షను వాళ్ళ చెవిన పడిందంటే రేపు వాళ్ళే వెళ్ళి దండలేస్తారు. నువ్వు మంచివాడివిలాగున్నావు, మెమో సంగతి నేను చూసుకుంటాను. ఇక మీదట ఆయన ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా, పూసగుచ్చినట్టు రాయి."

"మూడుసార్లు జెప్పినా" అన్నాడు అంకన్న తిరిగొచ్చాక మస్తానుతో. మస్తాను నవ్వీ నవ్వీ స్టీరింగు మీద పడిపోయాడు.

చిదంబరం గారు ఎవరికీ చెప్పలేదు. డైరెక్టరు గారి చెవిలో మాత్రం వేశారు. ఎవరని డైరెక్టరు గారు అడగలేదు. అడిగితే తనకు తెలియదని తెలిసిపోతుంది. ఆయన మనసులో ఒక పెద్దాయన ఉన్నారు, చిదంబరం గారి మనసులో ఇంకొక పెద్దాయన ఉన్నారు. తర్వాతి వారానికి ఆఫీసులో అటెండరుతో సహా అందరికీ తలా ఒక పెద్దాయన ఉన్నారు. ఒకరి పెద్దాయన పేరు ఇంకొకరు అడగకపోవడం వల్ల పనులు చకచకా సాగాయి.

మొదట ఇప్పవాగు ఒడ్డున ఒక షామియానా వేశారు. కింద ఎర్ర తివాచీ, తివాచీ మీద ఒక సోఫా, సోఫా వీపున తెల్ల తువ్వాలు. ఆ వైపు వెళ్ళే సందర్శకులు బైనాక్యులర్లు వాడరాదనీ, పెద్దాయన వారిని తేరిపార చూడరాదనీ బోర్డు పెట్టారు. అంకన్న మాట ప్రకారం పూసగుచ్చినట్టు రాస్తూ వచ్చాడు.

"ఈ రోజు పెద్దాయన సోఫాను వాసన చూశారు. తర్వాత గోళ్ళతో గీరారు. దూది బయటికి వచ్చింది." రెండో రోజుకల్లా సోఫా నచ్చలేదని గ్రహించి టేకుది పంపించారు.

"పెద్దాయన సోఫా మీద కూర్చోలేదు. తువ్వాలు మాత్రం నోట కరుచుకొని తీసుకెళ్ళారు." తువ్వాళ్ళు ఒక డజను పంపించారు. "నోట కరుచుకొని" అన్న చోట చిదంబరం గారు ఎర్ర ఇంకుతో "చేతులు ఖాళీ లేనందున" అని సవరించారట.

ఇంతవరకూ అంకన్నకు కూడా లోపల్లోపల నవ్వుగానే ఉండేది. డిసెంబరులో నవ్వు పోయింది. ఒకరోజు పాలధార మలుపు దగ్గర పసుపు రంగు జేసీబీ ఒకటి లారీ మీంచి దిగుతోంది. పెద్దాయన వారికి ఇప్పవాగు ఒడ్డున ఆరు గదుల విడిది కట్టాలని ఉత్తర్వు. డైరెక్టరు గారు తూనికల శాఖ అలవాటు చొప్పున టేపుతో తానే కొలిపించి, కట్టుబడికి సరిగ్గా సరిపోయే చోటు చూశారు. ఆ చోటికి రెండొందల అడుగుల పైన, ఒక గుండు కింద బిలంలో, ఆడపులి ఈని వారం కూడా కాలేదు. రెండు కూనలు. తెల్లారుజామున నీళ్ళకు దిగి వెళ్ళిన అడుగులను బట్టి, ఆ వేళ బిలంలోంచి వినిపించిన రెండు గొంతులను బట్టి తెలుసుకున్న అంకన్నకూ, మస్తానుకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

జేసీబీ ఒక్కసారి ఉరిమిందంటే తల్లి బిలం వదిలేస్తుంది. కూనలను ఒక్కొక్కదాన్నే నోట పట్టుకొని పగలు ఎక్కడికని పోతుంది? గుట్టకు అవతల రోడ్డు, రోడ్డుకు అవతల గూడెం కుక్కలు. మెమోలకు భయపడిన అంకన్న, ఆ రోజు మొదటిసారి కోపంతో పసుపు కాగితం పరిచాడు.

"పెద్దాయన ఇంటావిడ ఇద్దరు పసిబిడ్డలతో గుండు కింద మకాం ఉన్నారు. బిడ్డలకు ఇంకా కళ్ళు కూడా తెరుచుకోలేదు. ఆమెకు చప్పుడు గిట్టదు. మనుషుల అలికిడి అసలే గిట్టదు. చప్పుడైతే బిడ్డల్ని తీసుకొని వెళ్ళిపోతారు. పెద్దాయనకు కోపం వస్తే నేను బాధ్యుణ్ణి కాను."

కాగితం పట్నం చేరిన గంటలో వైర్‌లెస్ మోగింది. జేసీబీ మళ్ళీ లారీ ఎక్కింది. ఇప్పవాగు చుట్టూ రెండు కిలోమీటర్ల మేర ఇంజను చప్పుడు, హారను, ఈల, దగ్గు నిషేధిస్తూ సర్క్యులరు వచ్చింది. అందులో డైరెక్టరు గారు ఉండబట్టలేక ఒక వాక్యం సొంతంగా చేర్చారు: "ఆరు గదుల విడిది సిద్ధము చేయుచుండగా రాతి క్రింద కాపురముండుట వారి నిరాడంబరతకు నిదర్శనము. సిబ్బంది యావన్మందీ ఆదర్శముగా గైకొనవలెను."

"ఈ మాట బలే పన్జేస్తాది అన్నా!" అన్నాడు మస్తాను. అంకన్నకూ అలాగే అనిపించింది. పదకొండేళ్ళలో అతను ప్లాస్టిక్ సీసాలు విసరొద్దని, పాటలు పెట్టొద్దని, చెట్ల మీద పేర్లు చెక్కొద్దని ఎంతమందిని ఎంత బతిమాలాడో. ఒక్కరూ వినలేదు. ఇప్పుడు "పెద్దాయన పడుకోనుండారు" అంటే చాలు, జీపులో పిల్లల చేతుల్లో చిప్స్ పాకెట్లు కూడా చప్పుడు చెయ్యడం మానేశాయి.

జనవరిలో ఒక మంత్రిగారు కుటుంబంతో సహా పులిని చూడడానికి వచ్చారు. పదిహేను కార్లు. గేటు దగ్గర వాచరు అడ్డుకర్ర ఎత్తలేదు. లోపల పెద్దాయన మకాం ఉన్నారనీ, కార్లు పోనివ్వొద్దని ఉత్తర్వు ఉందనీ మనవి చేశాడు.

మంత్రిగారి ముఖం ఒక్క క్షణం ఎర్రబడి, మరుక్షణం పాలిపోయింది. "పెద్దాయన ఇక్కడున్నారా?" అన్నారు మెల్లగా. "నాకెవరూ చెప్పలేదే. ఎన్నాళ్ళుంటారు?"

పక్కనే ఉన్న అంకన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఆయన ఇష్టం సారూ. ఈ కొండంతా ఆయనదే కదా."

"కొండంతానా!" అన్నారు మంత్రిగారు. అంతవరకూ తమ పెద్దాయన ఆస్తుల గురించి తనకు అన్నీ తెలుసనుకున్నారు కాబోలు, ఆ మాట ఆయన్ను బాగా కలవరపెట్టింది. కారు దిగి, అడవి వైపు తిరిగి నమస్కారం పెట్టి, తాను వచ్చి వెళ్ళినట్టు వారికి తప్పక చెప్పమని అంకన్నకు రెండుసార్లు పురమాయించి వెళ్ళిపోయారు. పదిహేను కార్లూ హారను కొట్టకుండా వెనక్కి తిరిగాయి.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో, ఫిబ్రవరిలో, ఒక సైన్సు మాస్టారు గేటు దగ్గరి సలహాల పుస్తకంలో తన ఆనందం వెలిబుచ్చాడు. "గద్దగుండు దగ్గర ఉండగా ఇప్పవాగు వైపు నుంచి పులి గాండ్రింపు విన్నాము. జన్మ ధన్యమైంది." పాపం ఆయనది కొండ కాదు, పేరెత్తకూడదని తెలియదు.

ఆఫీసు గందరగోళమైపోయింది. పెద్దాయన వారి మకాం దగ్గర పులి! పసిబిడ్డలున్న చోట! భుజంగరావు గారు అప్పటికప్పుడు ఆరు బోన్లు, మత్తుసూది వేసే బృందం కావాలని రాశారు. "పెద్దాయన వారి ప్రాణరక్షణ దృష్ట్యా, ఇప్పవాగు పరిసరములలో సంచరించు పులిని లేక పులులను తక్షణమే బంధించి, సుదూర ప్రాంతమునకు తరలించవలెను."

ఉత్తర్వు చదివి అంకన్న దాన్ని మస్తాను చేతిలో పెట్టాడు. పులి నుంచి పులిని కాపాడడానికి పులిని పట్టుకుపోతారు. కూనలకు ఇంకా తల్లిపాలే. ఇక మాటలతో అయ్యే పని కాదని తేలిపోయింది. మర్నాడు పట్నం వెళ్ళి నేరుగా డైరెక్టరు గారి ముందు నిలబడ్డాడు.

"సారూ, బోన్లు పెట్టే ముందు మీరొక్కసారి పెద్దాయన్ను సొయంగా చూడండి. తర్వాత మీ ఇష్టం."

భుజంగరావు గారు ఈ పిలుపు కోసం నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నారు. "పెద్దాయనే రమ్మన్నారా?" అన్నారు లేచి నిలబడి.

"రావద్దనైతే అన్లేదు సారూ."

శుక్రవారం పొద్దున డైరెక్టరు గారు పట్టు శాలువా, గజమాల, బుట్టెడు బత్తాయిలు పట్టుకొని జీపెక్కారు. పొలిమేర రాయి దాటగానే అంకన్న వెనక్కి తిరిగి జాగ్రత్తలు చెప్పాడు. "ఆయన ముందు గట్టిగా మాట్లాడగూడదు సారూ. కళ్ళలోకి చూడగూడదు. ఎనక్కి తిరిగి నడవగూడదు. ఆయన ఏం జేసినా మనం కదలగూడదు."

"నాకు నేర్పుతున్నావా? ముప్ఫై ఏళ్ళుగా పైవాళ్ళ ముందు అలాగే ఉంటున్నాను" అన్నారు డైరెక్టరు గారు.

"వంగగూడదు కూడా సారూ."

"అదేమిటి?" అన్నారు ఆయన నిజంగా ఆశ్చర్యపోయి. "వంగకుండా ఎలా?"

వాగు ఒడ్డున జీపు ఆగింది. అంకన్న వారించేలోగానే డైరెక్టరు గారు దిగి, శాలువా రెండు చేతులా పట్టుకొని షామియానా వైపు నాలుగడుగులు వేశారు. అంకన్న పక్కనే దిగి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పైన కొండముచ్చు దగ్గింది. టేకు సోఫా వెనకనుంచి, తివాచీ మీద పడుకున్న పెద్దాయన నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

పెద్దాయన శాలువాను చూశాడు. గజమాలను చూశాడు. భుజంగరావు గారిని చూశాడు గానీ అక్కడ చూపు నిలపలేదు. నోరంతా తెరిచి ఆవులించి, వచ్చిన పని అయిపోయిన అధికారిలాగా వెనక్కి తిరిగి, గుట్ట ఎక్కి వెళ్ళిపోయాడు. డైరెక్టరు గారు జీవితంలో మొదటిసారి ఒక పైవాడి ముందు వంగకుండా నిలబడ్డారు. వంగడానికి నడుము సహకరించలేదు.

"ఇ... ఇది... పు..."

"పేరెత్తగూడదు సారూ" అన్నాడు అంకన్న.

జీపులో కూర్చున్నాక, ఒక సీసాడు నీళ్ళు తాగాక, ఆయనకు గొంతు వచ్చింది. "మరి చెప్పలేదేమయ్యా!"

"జెప్పినా సారూ. మీ ఆపీసులో మూడుసార్లు జెప్పినా."

భుజంగరావు గారు కళ్ళు మూసుకున్నారు. టేకు సోఫా, డజను తువ్వాళ్ళు, నిరాడంబరత మీద సర్క్యులరు, గేటు దగ్గర నమస్కారం పెట్టి వెళ్ళిన మంత్రిగారు వరసగా కళ్ళ ముందు నడిచి వెళ్ళి ఉంటారు. "ఈ సంగతి ఎంతమందికి తెలుసు?" అన్నారు.

"కొండంతా తెలుసు సారూ. మీ ఆపీసుకే తెలీదు."

"తెలియకూడదు" అన్నారు డైరెక్టరు గారు. ఆయన ఆ కొండల్లో ఇచ్చిన ఉత్తర్వుల్లోకెల్లా తెలివైనది అదే.

సాయంత్రానికి బోన్లు రద్దయ్యాయి. "పెద్దాయన వారిని స్వయముగా దర్శించితిని. వారు క్షేమముగా నున్నారు. వారికి ఏ జంతువు వలననూ ప్రమాదము లేదని రూఢి చేసికొంటిని. ఇప్పవాగు పరిసరములు శాశ్వతముగా వారి ఏకాంతమునకు వదలివేయవలెను." మర్నాటి నుంచి భుజంగరావు గారు జ్వరంతో సెలవు పెట్టారు. సెలవులోనే ప్రయత్నం చేసుకొని తిరిగి తూనికలు కొలతలకు వెళ్ళిపోయారు. తక్కెడలో పెట్టిన వస్తువు లేచి మన వైపు చూడదు కదా. వెళ్ళే హడావుడిలో అంకన్న సంగతి మరిచిపోయారు.

మార్చి ఇరవై ఐదున చిదంబరం గారు అంకన్నను పిలిపించి, ఏడాది పసుపు కాగితాల కట్ట ముందు పెట్టారు. "పులి గడి మొత్తం అడ్డగీతలే. ఒక్కటంటే ఒక్క పులిని చూపించలేదు నువ్వు. రూలు రూలే మరి, నేనేం చెయ్యను?" అని, అటూ ఇటూ చూసి, "ఇంకా ఆరు రోజులుంది. ఒక్క కాగితంలో రాసి పడెయ్యి. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు.

ఇంటికొచ్చి చెబితే భార్య ఈదమ్మ కూడా అదే అంది. "రెండచ్చరాలు. పదకొండేండ్ల పని. రాస్తే ఏంబోయింది? పట్నంలో ఏ అంగడి ముందో వాచిమెన్ను పనికి కుర్చీ ఏసుకోని కూచుంటావా? ఒక చెట్టు గనపడదాడ. బతకలేవు నువ్వు."

"నేను రాస్తే ఏమైతాదో తెలుసా? పెద్దాయన పక్కన పులుండాదని మళ్ళా బోన్లు తెస్తారు. ఈసారి ఆపేదానికి ఆ సారు గూడా లేడు."

ఈదమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. బిలం నుంచి కూనలు ఈ మధ్యే బయటికి వస్తున్నాయని, తువ్వాలు ముక్కతో కొట్లాడుకుంటున్నాయని అంతకు రెండు రోజుల ముందే అంకన్న చెబితే పడీ పడీ నవ్వింది. "అయితే రాయొద్దులే" అంది చివరికి. "వేరే దారే లేదంటనా ఆ రూల్సులో?"

ఉంది. నమూనా-7 వెనక వైపు, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో: "ప్రముఖుల సిఫారసు ఉన్న యెడల పై నిబంధన సడలించబడును." మర్నాడు వెళ్ళి అడిగితే చిదంబరం గారే వేలు పెట్టి చూపించారు. ఏడాదంతా పెద్దాయన వారి నీడన తిరిగినవాడు ఒక్క ఉత్తరం తెచ్చుకోలేడా అని మందలించారు కూడా.

"మరి అడగరాదా ఆయన్నే!" అంది ఈదమ్మ అది విని.

ఇరవై తొమ్మిదిన అంకన్న తెల్లటి దళసరి కాగితం మీద, ఊళ్ళో కూర్చొనే, నాలుగు ముక్కలు రాశాడు: "ఉడతల అంకన్న నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నా జోలికి రాడు, ఇతరులను రానివ్వడు. ఇతన్ని పనిలో ఉంచవలెను." కింద చోటు వదిలాడు. దాన్ని తీసుకెళ్ళి ఇప్పవాగు దాటే ఇరుకు బాటలో, తడి ఎర్రమట్టి పక్కన చదునైన బండ మీద పెట్టి, అంచులకు రాళ్ళు పెట్టాడు. దూరంగా చెట్టెక్కి కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఆయన్ను అతను ఏమీ అడగలేదు. ఆ రోజు మాత్రం, పేరెత్తకుండానే, లోపల్లోపల ఎంతగానో అడిగాడు.

ముప్ఫై ఒకటిన ఆ కాగితం చిదంబరం గారి బల్ల మీద ఉంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని చదివి, కింద చూసి ఆగిపోయారు. అరచెయ్యంత ఎర్రటి ముద్ర. లావుపాటి మడమ, మీద నాలుగు వేళ్ళు.

"వేలిముద్రా? సంతకం చెయ్యరా?"

"చదువుకోలేదు సారూ."

"నాకు తెలుసు. ఆ తరం వాళ్ళంతా అంతే. చదువు లేకుండానే ఏలారు." చిదంబరం గారు ముద్రను ఇంకా దగ్గరగా చూశారు. "అయినా నాలుగు వేళ్ళూ వేశారేమిటి?"

"ఒకటేస్తే మీరు నమ్మరని సారూ."

"ఎంత మాట! ఎంత లావు వేళ్ళయ్యా!"

"పెద్దాయన కదా సారూ" అన్నాడు అంకన్న.

చిదంబరం గారు కాగితాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకొని, ముద్ర పక్కనే "ముద్ర పెద్దాయన వారిదేనని ధ్రువీకరించడమైనది" అని రాసి, ఆఫీసు స్టాంపు వేశారు. అంకన్న కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పొడిగించారు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, పెద్దాయన మీద భక్తి అనుకొని ఆయన కూడా కొంచెం కదిలిపోయారు.

తర్వాత ఏటా పైకి పంపే లెక్కల పుస్తకం ముందుకు లాక్కొని, కలం మూత తీస్తూ మాటవరసకు అడిగారు. "అన్నట్టు, అంతా పులి పులి అంటారు గానీ, నిజం చెప్పు. మన అడవిలో పులనేది ఉందా అసలు?"

పట్నంలో ఉన్నాడు కాబట్టి అంకన్నకు పేరెత్తడానికి అడ్డు లేదు. బల్ల మీదున్న ఎర్రటి ముద్ర వైపు ఒకసారి చూశాడు.

"పెద్దాయన ఉండగా ఇంకో పులి యాడ నిలుస్తాది సారూ?"

"అదీ నిజమే" అని చిదంబరం గారు నవ్వి, పులులు అన్న చోట "లేవు" అని రాసుకున్నారు.